మనస్సును గూర్చి మనము వాడు మాటలు

(జిన్నారంలో గ్రామస్థుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)

జిన్నారం ప్రాంతపు రైతును పిలిచి "నీ పొలమెట్టిది?" అని అడిగినచో అతడు ఒక్క మాటతో సరిపెట్టడు. ఇది నల్లరేగడి అనును, అది చెలక అనును, ఆ మూల దుబ్బ, ఈ మూల చౌడు అని వివరించును. పశువు మేత మానినచో గాలికుంటా, గొంతువాపా, జబ్బవాపా అని విచారించును. నేలకును పశువునకును ఇన్ని మాటలు కల ఊరిలో, మనిషి మనస్సు చెదిరినపుడు మాత్రము తరచుగా ఒకే మాట వినవచ్చుచున్నది. ఆ మాట "పిచ్చి".

మన పెద్దలకు మాటలు లేకపోలేదు. బెంగ వేరు, దిగులు వేరు, రంది వేరు, మనాది వేరు అని వారెరుగుదురు. బిడ్డ అత్తవారింటికి పోయినపుడు తల్లికి కలుగునది బెంగ. అప్పు తీరలేదని రైతును తినునది రంది. ఆ రంది నెలల తరబడి విడువక, కూడు సహింపక, మనిషిని లోలోపల కృశింపజేయునది మనాది. ఇంత సూక్ష్మముగా చూడగలిగిన భాష మనది. అయినను ఆపద వచ్చినపుడు ఈ మాటలన్నియు మరచి, పిచ్చి అనియో, గాలి సోకినదనియో, బుద్ధి లేదనియో తీర్పు చెప్పుచున్నాము. మాట తప్పినచో మందు తప్పును. అందువలన మనస్తత్వ శాస్త్రమునందు, ప్రవర్తనా శాస్త్రమునందు వాడుకలోనున్న కొన్ని మాటలను మీ యెదుట ఉంచి, వాటి అర్థమును మన ఇంటి సంగతులతోనే వివరింపవలెనని వచ్చితిమి.

ఈ ప్రాంతమున ఈ పని మరింత అవసరమని మా నమ్మకము. 2016 అక్టోబరు 11 వరకు మెదక్ జిల్లాలోనుండి, నాడు ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరిన మండలమిది. ఒకవైపు వరిమళ్లు, మొక్కజొన్న చేలు. మరొకవైపు బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పొగగొట్టములు. తండ్రి కార్తెలు చూచి దుక్కి దున్నగా, కొడుకు సైరను విని షిఫ్టునకు పోవుచున్నాడు. బీహారునుండి, ఒడిశానుండి వచ్చినవారు మన పక్క గదులలోనే అద్దెకుండి బ్రతుకుచున్నారు. ఇట్లు జీవనము మారినపుడు మనస్సుపై పడు భారము కూడ మారును. ఆ భారమును గుర్తించుటకు సరియైన మాటలు కావలెను.

ప్రవర్తన యొకటి, ముద్ర యొకటి

మొదటి మాట ప్రవర్తన. మనిషి చేయు పనిలో కంటికి కనబడునది, చెవికి వినబడునది ప్రవర్తన. "పిల్లవాడు మూడు దినములుగా బడికి పోలేదు" అనునది ప్రవర్తనను చెప్పిన మాట. "వాడు సోమరి" అనునది మనము వేసిన ముద్ర. మొదటి మాట విన్నవాడు ఎందుకు పోలేదని అడుగును. రెండవ మాట విన్నవాడు ఏమియు అడుగడు. ప్రశ్నకు చోటు లేకుండ చేయుటయే ముద్రలోని దోషము.

పలకపై వ్రాసినది చదువగల బాలుడు నల్లబల్లపై వ్రాసినది తప్పుగా వ్రాసికొనుచున్నాడనుకొనుడు. "మొద్దు" అని ముద్ర వేసినచో సంగతి అక్కడితో ఆగిపోవును. ప్రవర్తనను గమనించినచో దూరపుచూపు మందగించినదేమో అను అనుమానము కలుగును. ఒక కంటి అద్దముతో తీరగల చిక్కు, ఒక్క మాట వలన జీవితకాలపు లోటుగా మారుట మనము ఎరుగని సంగతి కాదు.

ప్రజ్ఞ అను మాట కూడ ఇట్టిదే. ఫ్రాన్సు దేశమున ఆల్ఫ్రెడ్ బినే అను శాస్త్రజ్ఞుడు థియొడోర్ సిమోన్ అను వైద్యునితో కలసి 1905లో పిల్లల ప్రజ్ఞను కొలుచుటకు మొదటి పరీక్షను తయారుచేసెను. బడిలో వెనుకబడిన పిల్లలెవరో కనుగొని వారికి ప్రత్యేకముగా సహాయపడుటయే దాని ఉద్దేశము. ప్రజ్ఞ పుట్టుకతో బిగిసిపోయినది, పెరుగదు అను వాదమును బినే ఖండించెను. తరువాతివారు ఆ కొలతను మనుష్యులకు శాశ్వతమైన వెల కట్టు తక్కెడగా వాడిరి. సహాయమునకై పుట్టిన మాట ముద్రగా మారుటకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము లేదు.

నిబంధనము: చేపు గేదె, ఉలికిపడు మనిషి

రెండవ మాట నిబంధనము. పాడి ఉన్నవారికి ఈ మాట క్రొత్తయైనను విషయము క్రొత్తది కాదు. దూడ పొదుగు కుడువగానే గేదె చేపును. అది ప్రకృతి సిద్ధము. కాని ప్రతి దినము పాలు పిదుకు ముందు కుడితి బక్కెట్టు చప్పుడు చేసినచో, కొంతకాలమునకు ఆ చప్పుడు విన్నంతనే గేదె చేపుటకు మొదలిడును. బక్కెట్టు చప్పుడునకు పాలతో సహజమైన సంబంధమేమియు లేదు. రెండును కలసి వచ్చుటచేత సంబంధము ఏర్పడినది. ఇట్లు ఏర్పడు సంబంధమునే నిబంధనమందురు. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవ్ కుక్కలపై ప్రయోగములు చేసి దీనిని లోకమునకు చూపెను. ఆహారమునకు ముందు ఒక శబ్దము వినిపించుచు రాగా, తుదకు ఆ శబ్దమునకే కుక్క నోట లాలాజలము ఊరినది. పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ బహుమానము వచ్చినది జీర్ణక్రియపై చేసిన పరిశోధనకు. ఆ జీర్ణక్రియను గమనించుచుండగనే ఈ సంగతి ఆయన కంటబడినది.

గేదె విషయములో మేలుచేయు ఈ నిబంధనము మనిషి విషయములో భయమును కూడ నాటగలదు. 2025 జూన్ 30న మన జిల్లాలోని పాశమైలారం పారిశ్రామికవాడలో ఔషధములకు సంబంధించిన పదార్థములు తయారుచేయు ఒక కర్మాగారమున పేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు మరణించిరి. అట్టి ఆపదనుండి బయటపడినవాడు, లేక దగ్గరనుండి చూచినవాడు, తరువాత టైరు పేలినను, పెండ్లిలో టపాకాయ కాలినను ఉలికిపడవచ్చును. గుండె దడదడలాడును, చెమటలు పట్టును. ఒక్క చప్పుడుతో మొదలైన భయము అటువంటి ఇతర శబ్దములకు కూడ వ్యాపించుటను సామాన్యీకరణమందురు. ఇది పిరికితనము కాదు. మనస్సు చేసికొన్న నిబంధనము.

ఇట్టివానిని "మగవాడవై యుండి భయపడుదువా?" అని ఎగతాళి చేయరాదు. కొన్ని వారములపాటు నిద్ర పట్టకపోవుట, పీడకలలు వచ్చుట, ఆ దారిన పోవుటకు వెనుదీయుట అనేకులకు కలుగును. చాలమందికి కాలక్రమమున, ఆత్మీయుల తోడుతో తగ్గును. భయపెట్టిన చప్పుడు పలుమారులు వినబడియు ఆపద రానప్పుడు ఆ నిబంధనము క్రమముగా సడలును. దానిని విరమణమందురు. నెల దాటినను తగ్గక, పనికి అడ్డు వచ్చుచున్నచో అది ఆఘాతానంతర ఒత్తిడి అను వ్యాధి కావచ్చును. దానికి చికిత్స కలదు. కాలు విరిగినవానిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు ఎట్లు సిగ్గుపడమో, దీనికిని అట్లే సిగ్గుపడరాదు.

పునర్బలనము: చేసిన పనిని మరల చేయించునది

మూడవ మాట పునర్బలనము. ఒక పని చేసిన పిమ్మట కలిగిన ఫలితము వలన ఆ పని మరల చేయవలెనను మొగ్గు బలపడినచో ఆ ఫలితమును పునర్బలనమందురు. అమెరికా దేశమున బి. ఎఫ్. స్కిన్నర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని విపులముగా పరిశీలించెను. కిరాణా కొట్టు ముందు పిల్లవాడు మిఠాయికై ఏడ్చును. తల్లి పరువు పోవునని కొనిపెట్టును. ఏడుపు ఆగినదని తల్లి సంతోషించును గాని, ఏడ్చినచో మిఠాయి వచ్చునని పిల్లవాడు నేర్చుకొనెను. మరునాడు ఏడుపు పెరుగును. తల్లి మిఠాయి ఇచ్చితిననుకొన్నది. నిజమునకు ఏడుపునకు ఎరువు వేసినది.

ఇందులో ఒక చిక్కు కలదు. ధన పునర్బలనము, ఋణ పునర్బలనము అని రెండు రకములు. ఋణ పునర్బలనమనగా శిక్ష అని చదువుకొన్నవారు సైతము పొరబడుదురు. అది శిక్ష కాదు. శిక్ష పనిని తగ్గించుటకు చేయునది. పునర్బలనము, ధనమైనను ఋణమైనను, పనిని పెంచునది. ఇష్టమైనది లభించుటచే పని బలపడినచో ధన పునర్బలనము. బాధ తొలగుటచే పని బలపడినచో ఋణ పునర్బలనము. ముల్లు గ్రుచ్చుకొన్నవాడు చెప్పులు తొడుగుకొనుట నేర్చుట రెండవదానికి ఉదాహరణము.

ఫలితము ప్రతిసారి రాక, ఎప్పుడు వచ్చునో తెలియకుండ వచ్చుచున్నచో అలవాటు మరింత గట్టిపడునని కూడ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పది ఆటలు ఓడినవాడు పదునొకండవ ఆటకు కూర్చుండుట ఇందువలననే. చీట్ల పేక అయినను, ఫోనులోని రమ్మీ అయినను ఇదే వల. తెలంగాణ రాష్ట్రము 2017లోనే పందెము కాసి ఆడు ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది. ఆడువాడు మూర్ఖుడు కాడు. మనస్సు యొక్క ఈ బలహీనతను ఎరిగినవాడు ఆ ఆటను అల్లినాడు.

మత్తును గూర్చి ఒక హెచ్చరిక

ఇప్పుడు మేము చెప్పబోవునది మీరందరు శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. దినమంతయు మూటలు మోసినవాడు సాయంకాలము త్రాగి ఒళ్లునొప్పి మరచును. బాధ తొలగినది కనుక త్రాగుట బలపడినది. ఇది మొదటి మెట్టు. కొంతకాలమునకు ఉదయము చేతులు వణకును. మరల త్రాగినచో వణకు ఆగును. అప్పుడతడు సుఖమునకై త్రాగుట లేదు, వణకు ఆగుటకై త్రాగుచున్నాడు. చూచితిరా, ఋణ పునర్బలనము మనిషిని ఎక్కడికి చేర్చినదో! "బుద్ధి ఉన్నచో మానడా?" అని మనమందుము. శరీరము మత్తునకు అలవాటుపడి, అది లేనిదే నిలువలేని స్థితిని ఆధారపడుట అందురు. మత్తు అకస్మాత్తుగా అందకపోయినపుడు కలుగు బాధలను ఉపసంహరణ లక్షణములందురు.

తెలంగాణలో కొన్నిచోట్ల తాటికల్లు, ఈతకల్లు పేరుతో అమ్ముదానిలో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తు మందులు కలుపుట చాలకాలముగా సాగుచున్న నేరము. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ కల్లుపై గట్టిగా దాడులు జరిపి అమ్మకము నిలిపివేయగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు వంటి జిల్లాలలో అనేకులు ఒక్కసారిగా అస్వస్థులైరి. నిద్ర లేదు, ఒళ్లు వణకుట, ఫిట్సు, లేనివి ఉన్నట్లు కనబడుట, తమలో తాము మాటలాడుట. కల్లు అందని ఆ జనులు గుంపులుగా ఆసుపత్రులకు చేరిరి. ఎఱ్ఱగడ్డలోని మానసిక చికిత్సాలయమునకును పలువురు వచ్చిరి. చూచినవారు పిచ్చి పట్టినదనిరి. వారికి పట్టినది పిచ్చి కాదు. అవి ఉపసంహరణ లక్షణములు.

ఈ సంగతి మన జిల్లాకు దూరమైనది కాదు. అల్ప్రాజోలమును దొంగచాటుగా తయారుచేయువారిని ఈ సంగారెడ్డి జిల్లాలో కూడ అధికారులు పట్టుకొనిన సందర్భములు కలవు. కావున గుర్తుంచుకొనుడు. ఏండ్ల తరబడి కల్లునకు, సారాయికి అలవాటుపడినవానిని గదిలో పెట్టి తాళము వేసి ఒక్కనాటితో మాన్పింప యత్నింపరాదు. మానిన ఒకటి రెండు దినములలో వణకు, ఫిట్సు, పలవరింత కనబడినచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అది ప్రాణాపాయము. వైద్యుని పర్యవేక్షణలో మందును క్రమముగా తగ్గించుచు మాన్పించు పద్ధతి కలదు. మానవలెనను సంకల్పము గొప్పది. ఆ సంకల్పమునకు వైద్యము తోడుకావలెను.

చెప్పు మాట, చేయు పని

తరువాతి మాట వైఖరి. ఒక విషయముపట్ల మనస్సునకుగల మొగ్గును వైఖరి అందురు. మనిషి వైఖరిని తెలిసికొనుటకు అతనిని అడిగిన చాలునని తోచును. చాలదని చెప్పుటకు మన పొరుగుననే జరిగిన ఒక మంచి పరిశోధన సాక్ష్యము పలుకుచున్నది.

1972లో పటాన్‌చెరువున నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థను మీరెరుగుదురు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలపై అచట పరిశోధనలు జరుగుచున్నవి. ఆ సంస్థవారు 1975 నుండి కొన్ని గ్రామములను ఎన్నుకొని రైతుల, కూలీల జీవనమును ఏటేట పరిశీలించిరి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, దోకూరు వాటిలోనివి. మహారాష్ట్రలోని షోలాపూరు, అకోలా జిల్లాల గ్రామములు కూడ కలవు. చిన్నరైతు క్రొత్త విత్తనమునకు, ఎరువునకు వెనుదీయుటకు కారణమేమి? అతడు స్వభావముచేతనే పిరికివాడా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు హాన్స్ బిన్స్వాంగర్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు 240 కుటుంబములలో రెండు పద్ధతులను ప్రయోగించెను. మొదటిది ప్రశ్నలడుగుట. రెండవది నిజమైన డబ్బుతో బొమ్మ బొరుసు ఆట.

ఆట ఇట్లుండెను. కొన్ని పందెములలో ఒకదానిని ఎన్నుకొనవలెను. మొదటి పందెములో బొమ్మ పడినను బొరుసు పడినను 50 పైసలు తప్పక వచ్చును. మధ్యనున్న ఒక పందెములో ఒకవైపు పడిన 30 పైసలు, మరొకవైపు పడిన రూపాయి 50 పైసలు. చివరి పందెములో ఒకవైపు పడిన సున్న, మరొకవైపు పడిన 2 రూపాయలు. సగటున చివరిదానిలో ఎక్కువ రాబడి, కాని వట్టిచేతులతో పోవు భయము కూడ ఎక్కువ. మొదట పైసలతో ఆడించి, పిదప మొత్తమును పదింతలు, ఇంకను ఎక్కువ చేసిరి. పెద్ద ఆటలలో రాగల సొమ్ము అప్పటి కూలివాని నెల సంపాదనను మించినది. అనగా ఇది వేడుక ఆట కాదు.

1980లో ప్రకటితమైన ఫలితములు ఆలోచింపదగినవి. చిన్న మొత్తములు ఉన్నపుడు ఎవరికి తోచిన రీతిని వారు ఎన్నుకొనిరి. మొత్తము పెరిగినకొలది దాదాపు అందరును మధ్యస్థమైన జాగ్రత్తను చూపిరి. ధనికునకును పేదకును ఇందులో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అన్నిటికంటె విచిత్రమేమనగా, ప్రశ్నలకు వారు నోటితో చెప్పిన సమాధానములకును, ఆటలో వారు చేసిన ఎన్నికకును పొంతనయే లేదు. అడిగినవాని తీరునుబట్టి సమాధానములు మారినవి.

దీని నుండి మనము రెండు నేర్పులు గ్రహింపవచ్చును. ఒకటి, మనిషి చెప్పు మాటకంటె చేయు పనిని చూచి అతని మొగ్గును తెలిసికొనవలెను. మనలను మనము పరీక్షించుకొనుటకు కూడ ఇదియే కొలత. రెండు, చిన్నరైతు క్రొత్తదానికి వెనుదీసినచో దానికి కారణము అతని స్వభావము కాదు. పెద్దరైతునకున్న మనస్సే అతనికిని ఉన్నది. లేనిది అప్పు పుట్టు మార్గము, నష్టము వచ్చినపుడు ఆదుకొను ఆధారము. ముద్ర వేయువాడు "మూఢరైతు" అనును. ప్రవర్తనను చూచినవాడు బ్యాంకు తలుపు వైపు చూచును.

మనవాడు, పరాయివాడు

ఇదే పొరపాటును మనము పొరుగువారి విషయములో దినదినము చేయుచున్నాము. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆపాదన దోషము. మన కుమారుడు పనికి ఆలస్యముగా పోయినచో బస్సు రాలేదందుము. బీహారునుండి వచ్చిన కూలి ఆలస్యముగా వచ్చినచో వానికి బాధ్యత లేదందుము. మనవాని తప్పునకు పరిస్థితి కారణము, పరాయివాని తప్పునకు గుణము కారణము. తన విషయములో మనిషి మరింత ఉదారుడు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, తన లోపమునకు వేరొక కారణము కల్పించుకొని తృప్తిపడును. దీనిని హేతుకీకరణమందురు.

ఈ పరాయితనమునకు భయము తోడైనపుడు వదంతి పుట్టును. వదంతిని గూర్చి లోకములోని మొదటి పరిశోధనలలో ఒకటి మన దేశమున జరిగినది. 1934 జనవరి 15న బీహారున మహాభూకంపము సంభవించినది. జమునాప్రసాద్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆ దినములలో జనుల నోట పుట్టిన వదంతులను సేకరించి 1935లో ప్రకటించెను. భూమి కంపించుట తెలిసియు, ఇండ్లు కూలని చోట్ల "ఇంతకంటె పెద్ద ఉపద్రవము రానున్నది" అను పుకార్లు ప్రబలెను. దీనికి భిన్నముగా, 1950లో డార్జిలింగున కొండచరియలు విరిగిపడినపుడు, నష్టము ప్రత్యక్షముగా జరిగిన చోట అట్టి అతిశయోక్తులు పుట్టలేదని దుర్గానంద్ సిన్హా అను మరొక శాస్త్రజ్ఞుడు చూపెను. అమెరికా దేశపు లియాన్ ఫెస్టింగర్ ఈ రెంటిని పరిశీలించి 1957లో ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. గుండెలో భయమున్నది, కంటి ముందు కారణము కనబడదు. ఈ రెండును పొసగవు. పొసగనిదానిని మనస్సు సహింపలేదు. కావున భయమునకు తగిన కారణమును తానే కల్పించుకొనును.

అనుమానము పెనుభూతమని మన పెద్దలు చెప్పినది ఇదే కదా. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని వాట్సాపులో వ్యాపించిన అబద్ధము వలన దేశమున పలుచోట్ల నిరపరాధులు ప్రాణములు కోల్పోయిరి. మన రాష్ట్రమునను అట్టి మరణములు జరిగినవి. అదే కాలమున జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసువారు కానిస్టేబుళ్లను గ్రామములకు పంపి, డప్పులతో, పాటలతో జనులకు నిజము చెప్పించిరి. ఎరిగిన మనిషి ఎదుటనిలిచి చెప్పిన మాటకు వదంతిని ఆపు బలము కలదు.

కావున ఫోనులోనికి భయపెట్టు సందేశము వచ్చినపుడు ఒక ప్రశ్న వేసికొనుడు. ఇది నాకు భయమును కలిగించుచున్నదా, లేక నాలో ఇదివరకే ఉన్న భయమునకు కారణము చూపుచున్నదా? రెండవదైనచో దానిని ఇతరులకు పంపక ఆగుడు. ముఖ్యముగా, ఏదైన ప్రమాదము జరిగిన మరునాడు భాష రాని పొరుగువానిపై అనుమానము సులభముగా వ్రాలును. పాశమైలారమున మరణించినవారిలో అనేకులు ఇతర రాష్ట్రములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే అని మరువకుడు.

రంది ఎప్పుడు వ్యాధి యగును?

చివరి మాట కుంగుబాటు. మనవారు మనాది అన్న మాటకు ఇది దగ్గర. దుఃఖము వ్యాధి కాదు. పంట పోయినవాడు దుఃఖింపవలసినదే, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఏడ్వవలసినదే. కాని రెండు వారములు దాటియు దాదాపు ప్రతి దినము దిగులు విడువక, ఇష్టమైన పనియందును ఆసక్తి లేక, నిద్రయు ఆకలియు తప్పి, ఒంట సత్తువ లేక, "నేనెందులకు పనికిరాను" అను తలపు వేధించుచున్నచో దానిని కుంగుబాటు వ్యాధిగా అనుమానింపవలెను. మన గ్రామములలో అనేకులు మనస్సు బాగుండలేదని చెప్పరు. తలనొప్పి అందురు, గుండెలో మంట అందురు, ఒళ్లంతయు గుంజుచున్నదందురు. శరీరము పలుకు భాషలో మనస్సు మొరపెట్టుకొనుచున్నదని ఇంటివారు గ్రహింపవలెను. మందులు కలవు, మాటలతో చేయు చికిత్స కలదు. రెండును ఫలించుచున్నవి.

చావు తలపు కలదా అని అడిగినచో లేని తలపు పుట్టునని కొందరు భయపడుదురు. అది సరికాదు. మెల్లగా, ప్రేమతో అడిగినచో బరువు దిగును, సహాయమునకు దారి ఏర్పడును. పురుగుమందు డబ్బాలను పడకగదిలోనో, దూలము మీదనో ఉంచక తాళము వేసిన పెట్టెలో ఉంచుట కూడ ఒక చికిత్సయే. క్షణికావేశమున చేతికి అందినది ప్రాణము తీయును. అందనిచో ఆ ఘడియ దాటిపోవును. శ్రీలంకలో 1990లలో మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను నిషేధించిరి. 1995 నుండి 2005 వరకు పదేండ్లలో ఆ దేశమున ఆత్మహత్యల రేటు సుమారు సగమునకు తగ్గినది.

చట్టము కూడ మారినదని తెలిసికొనుడు. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడని భావించి, అతనికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వ బాధ్యత యని చెప్పుచున్నది. పోలీసులకు భయపడి ఆసుపత్రికి తీసికొనిపోక ఆలస్యము చేయవలసిన పని లేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను నంబరునకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడి సలహా పొందవచ్చును. ఈ నంబరును ఇంటి గోడపై, విద్యుచ్ఛక్తి మీటరు పక్కన వ్రాసి ఉంచుకొనుడు.

సోదరీ సోదరులారా, మేము చెప్పిన మాటలన్నియు మీరు కంఠస్థము చేయనక్కరలేదు. పునర్బలనము, హేతుకీకరణము అను పేర్లు మరచినను నష్టము లేదు. ఒక్కటి మాత్రము మరువకుడు. పొరుగువాడు నిదురలేక వాకిట కూర్చున్నపుడు, కొడుకు చప్పుడునకు ఉలికిపడినపుడు, భర్త చేతులు వణకినపుడు, కోడలు కారణము చెప్పక కంటతడి పెట్టినపుడు, మొదట నోటికి వచ్చు ముద్రను మ్రింగివేసి, "ఏమి జరిగినది? ఎన్ని దినములనుండి?" అని అడుగుడు. వైద్యుడు కూడ మొదట అడుగునవి ఆ రెండు ప్రశ్నలే. నేలను చూచి చెలకయా రేగడియా అని నిదానించి చెప్పగల మీకు, మనిషి మనస్సును చూచి అదే నిదానముతో మాటలాడుట కష్టము కాదు. ఆ నిదానము ఈ గ్రామమున ఒక్క ప్రాణమును నిలిపినను, నేడు మనము ఇచట కూడినందుకు ప్రయోజనము చేకూరినట్లే.